కోడి కాళ్ల చిక్కు

ఇంగ్లండులోని డెవన్ పల్లెలో, లేసు అల్లే భార్య, బళ్లో లాటిన్ చెప్పే భర్త వంటింట్లో మాట్లాడుకుంటున్నారు.

“ఏమండీ, నేనల్లిన పెళ్లికూతురి మేలిముసుగు చూసి పాదిరీగారు ‘ఇంట్రికేట్’ అన్నారు. తిట్టా, పొగడ్తా?”

“పొగడ్తే. చిక్కైన పనితనం అని. దానికి మూలం లాటిన్ ‘ట్రీకే’, అంటే చిక్కులు. కోడిపిల్లల కాళ్లకు చుట్టుకునే వెంట్రుకల నుంచి ఆ మాట పుట్టిందని ఓ పాత రోమను పండితుడు రాశాడు.”

“ఆర్నెల్లు కళ్లు పోగొట్టుకుని అల్లితే, కోడి కాళ్ల దగ్గర తేల్చారా!”

“నేను కాదే, రోమనులు!”

“పెరటి తలుపు తీసి వదిలేసింది కూడా రోమనులేనా?”

“అది నేనే. ఏం?”

“మన పెట్ట ఆ ముసుగును కాళ్లకు చుట్టుకుని కుంటుతోంది. రేపే పెళ్లి! ఇందాక నోటితో విప్పి చెప్పారుగా, ఇప్పుడు చేత్తో విప్పండి.”