సుగుణమ్మ టీచరు చెవిలో ఏం చెప్పింది

"అవ్వా, చిన్నప్పుడు నువ్వు వాలీబాల్ ఆడినావంట గదా. కప్పు గూడా వచ్చిందంట. చెప్పవా?"

ఎవరు చెప్పినారురా నీకు? మీ అమ్మా? మీ అమ్మకు ఎవరు చెప్పినారు? నేనైతే చెప్పలా. ఆ సెల్లు నా ముందర ఎందుకు పెట్టినావు, నా మాటలు పట్టేదానికా? పట్టుకోని ఎవరికి వినిపిస్తావు? సరే, ఉండనీలే. నువ్వు మెత్తనోడివి, నీ మొహం చూస్తేనే తెలస్తా ఉండాది. కూచో. ఆ మంచం మీద కూచోబాక, నవారు తెగి ఉండాది. ఈ పీట మీద కూచో.

వాలీబాల్ అంటే ముందు మా సుగుణమ్మ టీచర్ని చెప్పాల. ఉదయగిరిలో కొండ కింద ఆడపిలకాయలకు టీచరు ట్రైనింగు ఇచ్చే మిషనోళ్ళ బడి ఒకటి ఉండేది అప్పుట్లో. బడే గానీ మేము కాలేజీ అనేవాళ్ళం, గొప్పకు. ఈయమ్మ ఆడ డ్రిల్లు టీచరు. నేను పోయేటప్పటికే తల నెరస్తా ఉండాది. నేను చదువై, పెళ్ళై, చంకలో ఒక బిడ్డను, చేతికి ఒక బిడ్డను ఏసుకోని చూసేదానికి పోతే, అప్పుడూ ఆడనే ఉండాది, అదే ఈల మెళ్ళో ఏసుకోని. ఎన్ని జట్లను తయారు చేసిందో ఆ తల్లి! ఏ సంవత్సరమన్నా కప్పు రాకపోతే, పాపం టీచరమ్మకు ఒంట్లో బాగలేదేమో అనుకునేవాళ్ళు ఊళ్ళో. అంత పేరు. కానీ అరవదు అబ్బయ్యా. డ్రిల్లు టీచరన్నాక అరవాల గదా? ఈయమ్మ గొంతు పక్కింటికి గూడా వినపడదు. అరవకుండా ఇంతమందిని ఎట్టా ఆడిస్తా ఉండాది? మొదటినుంచీ నాకు ఆడనే అనుమానం.

నన్ను ఎట్టా పట్టుకుందో చెప్తా. మాది మర్రిపాడు పక్కన పల్లె, మెట్ట. మా నాయనకు కొంచెం జొన్నచేను, మేకల మంద. నేను ఆత్మకూరులో మా మేనత్త ఇంట్లో ఉండి ఎనిమిది పాసయి వచ్చినా. మేనత్త అంటే సొంత మేనత్త కాదులే, మా నాయనకు వరసకు చెల్లెలు. ఆమె ఏటిచేప పులుసు పెడితే వీధంతా ముక్కులెగేసేది... పోనీ, అది ఇప్పుడెందుకు. ఇంటికొచ్చినాక ఇంకేంది పని? మంచె మీద నిలబడి వడిసెలతో పిట్టల్ని తోలేది. వడిసెల తెలుసా నీకు? తాడు మడతలో రాయి పెట్టి గిరగిరా తిప్పి వదిలేది.

ఒకనాడు మా చేను పక్కన రోడ్డు మీద బస్సు ఆగిపోయింది. అప్పుట్లో బొగ్గు మండించి నడిపే బస్సులు గదా, ఎత్తు వచ్చిందంటే చాలు నిలబడిపోయేవి, జనం దిగాల్సిందే. అందరూ నీడకు పోయి కూచుంటే, ఒకామె మాత్రం గొడుగేసుకోని చేనుగట్టు మీద నిలబడి నన్నే చూస్తా ఉండాది. ఎవర్రా ఈమె, కంకులు విరుచుకునేదానికి వచ్చిందా అనుకున్నా. గమ్మున దగ్గరికొచ్చి, "దిగు పాపా, నీ కుడిచెయ్యి చూపించు" అనింది. భుజం పట్టుకోని ఒత్తి చూసింది, సంతలో కోడెను చూసినట్టు. "మీ నాయన యాడ ఉండాడు?" అనింది.

మా నాయన పేరు మాలకొండయ్య. ఒకరిని నమ్మే మనిషి కాదు. పాలోడు పాలు పోస్తే వేలు పెట్టి చూసేవాడు, ఆ పాలోడు సొంత తమ్ముడే గానీ. "మా బిడ్డతో నీకేం పనమ్మా?" అన్నాడు.

"చదువు చెప్పిస్తాం, అన్నం పెడతాం, టీచర్ని చేస్తాం. ఆట నేర్పిస్తా."

"ఆట ఎందుకు? మీ మతంలో కలుపుకునేదానికా?"

"మీ దేవుడు పెంచలకోనలోనే ఉంటాడన్నా. నేను తీసకపోయేది బిడ్డను."

ఆ సామి పేరే గదా నాకు పెట్టింది, పెంచలమ్మ అని. ఆ మాటకు మా నాయన గొంగళి దులుపుకున్నాడు. నాకేమో పోవాలని ఉండాది. పిట్టల్ని తోలి తోలి విసుగొచ్చింది, బళ్ళో కుర్చీ మీద కూచోని పాఠం చెప్పాలని ఆశ. ఆఖరికి నాయన ఒప్పుకున్నాడు. ఒప్పుకోని ఒక మాట అన్నాడు, "ఒక్క చెడ్డమాట నా చెవిన పడిందా, ఆ పూటే వచ్చి నిన్ను తోలుకోనొస్తా. మళ్ళా చదువు మాటెత్తేది లేదు." ఆ మాట నా నెత్తి మీద కత్తి మాదిరి ఉండేది ఎప్పుడూ.

వాలీబాల్లో ఏందంటే, ఒకరు బాల్‌ను వల పక్కన పైకి లేపాల, ఇంకొకరు ఎగిరి అవతలికి గుద్దాల. గుద్దేదాన్ని షాటు అంటాం. మా జట్టులో లేపేది సలోమి. గుద్దేది రూతూ, నేనూ. రూతు వింజమూరు పిల్ల, పొడుగు, ఎర్రగా ఉంటాది, నిలబడితేనే పెద్ద ఆటగత్తె మాదిరి. నేను పొట్టి, నలుపు. పరికిణీ ఎగ్గట్టి నడుముకు దోపుకోని ఎగరతా ఉంటే, గోడ మీద కూచున్న మగోళ్ళు "మేకపిల్ల ఎగిరిందిరో" అనేవాళ్ళు.

ఇప్పుడు అసలు సంగతి. ఆట మొదలయ్యేముందు, మళ్ళా మధ్యలో మాకు ఇబ్బందిగా ఉన్నప్పుడు, టీచరు ఒక పిల్లను పక్కకు పిలిచేది. కొంగు నోటికి అడ్డం పెట్టుకోని చెవిలో ఏందో చెప్పేది. ఆ పిల్ల తల ఊపేది. ఎప్పుడు పిలిచినా రూతునే. రూతుకు జరమొస్తే ఇంకో పిల్లను. నన్ను ఒక్కతూరి గూడా పిలవలా. ఆట చూసే జనం ఏమనేవాళ్ళంటే, ఆయమ్మ మంత్రం చెప్తా ఉండాది, అందుకే గెలస్తా ఉండారు అని. నేను మంత్రాన్ని నమ్మలా. నాకు వేరే అనుమానం. నా గురించి ఏందో చెప్తా ఉండాది.

రూతును అడిగినా. "ఏం చెప్పిందే?"

"ఏం చెప్పలా మే."

"ఏం చెప్పకపోతే తల ఎందుకు ఊపినావు?"

"ఊపమనింది, ఊపినా."

అట్టా అంటే ఎవరైనా నమ్ముతారా, నువ్వే చెప్పు. అప్పుటినుంచి నేను రూతు పక్కన కూచోని అన్నం తినలా. సలోమి బాల్ ఎక్కువ నాకే లేపేది. అది గూడా అనుమానమే నాకు! నేను తప్పు కొడితే, ఇదిగో ఈ మేకలోళ్ళ పిల్ల పనికిరాదు అని ఇంటికి పంపించొచ్చు గదా, అందుకే లేపతా ఉండారు అనుకున్నా. ఆ పంతంతోనే ఇంకా గట్టిగా గుద్దేదాన్ని. కావలికి పోయి గెలిచినాము, వింజమూరులో గెలిచినాము. గెలిచినాక టీచరు అందరికీ మరమరాలు పంచేది. రూతు భుజం తట్టేది. నా దోసిట్లో పోసి, మొహం గూడా చూడకుండా పోయేది. రేపో మాపో నన్ను పంపించేస్తాదని మూట సర్ది పెట్టుకున్నా, నిజం.

ఆ సంవత్సరం జిల్లా ఆటలు ఆత్మకూరులో పెట్టినారు. కడాకరికి మాకూ నెల్లూరోళ్ళకూ పడింది. ఆ పొద్దు సంత. మా నాయన మేకలమ్మేదానికి వచ్చి ఉండాడు. మా అత్త గమ్మున ఉంటాదా, "నీ బిడ్డ అంతమంది ముందర ఎట్టా ఎగరతా ఉండాదో చూద్దువురా అన్నా" అని ఎంటబెట్టుకోని వచ్చింది. జనం వెనకాల గొంగళి, కర్ర కనపడినాయి నాకు.

మొదటి ఆట మాదే. నెల్లూరు జట్టు టీచరు ఒకామె, కళ్ళద్దాలు, తెలివైన మనిషి. ఆమె ఆటను చూడ్డంలా, మా టీచర్నే చూస్తా ఉండాది. రెండో ఆటలో టీచరు మామూలుగానే రూతును పిలిచి చెవిలో చెప్పింది. అంతే, నెల్లూరామె లేచి తన పిల్లకాయలకు అరిచింది. "ఒసేయ్, ఆమె చెవిలో చెప్పే పిల్ల కొట్టదే! మనం ఆ పిల్లను కాచుకోవాలనే ఆ నాటకం. పిలవని పిల్లే కొడతాది. ఆ నల్లపిల్లను పట్టుకోండి!"

అబ్బయ్యా, రెండేండ్లుగా నా బళ్ళో నాకు తెలియని సంగతి, నెల్లూరునుంచి వచ్చినామెకు ఒక పూటలో తెలిసిపోయింది! టీచరు నన్ను పిలవకపోవడం నన్ను దాచిపెట్టడమా? లేకపోతే ఈ నెల్లూరామె మాలో మాకు తగాదా పెట్టేదానికి అంటా ఉండాదా? అది గూడా అనుమానించినా నేను. ఆలోచిస్తా ఉంటే బాల్ నా ముందరే పడిపోయింది. ఇంక నా ముందర ఇద్దరు పిల్లలు చేతులెత్తి గోడ మాదిరి. ఏది కొట్టినా తిరిగొచ్చి మా మీదే పడతా ఉండాది. రెండో ఆట పోయింది.

మూడోది బిగుసుకుంది. ఇద్దరం సమానంగా వచ్చి నిలబడినాము. టీచరు ఆట ఆపించింది. "పెంచలా, ఇట్టా రా" అనింది.

నన్ను! జనమంతా చూస్తా ఉండారు. పక్కకు పోయి కూచోమంటాది, వేరే పిల్లను దించతాది, నాయన చూస్తా ఉండాడు, ఈ పూటే నా మూట... అనుకుంటా పోయినా. కొంగు అడ్డం పెట్టుకుంది. లవంగం వాసన వచ్చింది నోట్లోనుంచి.

"చెప్పేదేం లేదు. తల ఊపు" అనింది.

"అంతేనా టీచర్?"

"అంతే. ఎప్పుడూ అంతే. బిన్నా ఊపు."

ఊపినా. నెల్లూరు పిల్లలు చూసినారు. చెవిలో చెప్పిన పిల్ల కొట్టదు గదా వాళ్ళ లెక్కలో! ఇద్దరూ నన్ను వదిలేసి రూతు ముందరికి ఉరికినారు. సలోమి నాకు లేపింది. నా ముందర ఎవరూ లేరు, వల, అవతల ఉత్త నేల. ఎగిరి గుద్దినా చూడు, దుమ్ము లేచింది. మళ్ళా ఒకటి. నెల్లూరామె కళ్ళద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంది. కప్పు మాది.

పిల్లలందరూ నన్ను ఎత్తుకునేదానికి వచ్చేలోపల మా నాయన వచ్చినాడు. మెచ్చుకుంటాడనుకున్నా. చెయ్యి పట్టుకున్నాడు.

"ఆయమ్మ నీ చెవిలో ఏం చెప్పిందే?"

"ఏం చెప్పలా నాయనా."

"ఏం చెప్పలా అంటే నమ్మేదానికి నేను పిచ్చోడినా? అంతమంది ముందర నోటికి గుడ్డ అడ్డం పెట్టుకోని చెప్పే మాట మంచిమాట అవతాదా? మతం మాట చెప్పింది గదా?"

"నిజం నాయనా. ఉత్తనే తల ఊపమనింది, ఊపినా."

"తల ఊపమంటే ఊపేస్తావా! రేపు ఇంకొకటి చెయ్యమంటే చేస్తావా?"

రూతు పరిగెత్తుకుంటా వచ్చింది. "నిజమే పెదనాయనా, నాకు గూడా ఎప్పుడూ ఏం చెప్పలా" అనింది. దాంతో నాయనకు ఇంకా పెరిగిపోయింది. "అందరికీ ఒకటే పలుకు నేర్పించి పెట్టినారు. పద. మూట కట్టుకో. సంతబండి పోకముందే పోదాం."

నేను ఏడస్తా రూతును చూసినా. రూతు నన్ను చూసింది. రెండేండ్లు ఆ పిల్ల నాతో నిజమే చెప్పింది, నేను ఒక్క మాట నమ్మలా. ఇప్పుడు నేను నిజం చెప్తా ఉండా, నాయన నమ్మడంలా. ఏం చెప్పాలబ్బా ఇంక?

టీచరు వచ్చింది. మా నాయన అరస్తా ఉండాడు, నెల్లూరోళ్ళు నిలబడి వింటా ఉండారు. ఆమె అరవలా. "మాలకొండన్నా, ఒక్క నిమిషం ఇట్టా రా" అనింది. వల కట్టిన గుంజ కాడికి తీసకపోయింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది! మా నాయన చెవిలో చెప్పింది. అంత పొడుగు మనిషి వంగి, కర్ర మీద రెండు చేతులూ పెట్టుకోని విన్నాడు. చానాసేపు విన్నాడు. విని తల ఊపినాడు.

వచ్చి నా మొహం చూసినాడు, కొత్తగా చూసినట్టు. "చదువుకో. సెలవలకు రా" అన్నాడు. గొంగళి భుజాన ఏసుకోని పోయినాడు. అత్త వెనకాల ఉరకతా ఉండాది, "ఏం చెప్పింది అన్నా, ఏం చెప్పింది?" అనుకుంటా.

సెలవలకు పోయి అడిగినా. "ఏం చెప్పలా. తల ఊపమనింది" అన్నాడు. మా అమ్మ అడిగినా అదే. నేను టీచరయి, మొదటి జీతంతో ఆయనకు పంచె తెచ్చి అడిగినా అదే. చచ్చిపోయేదాకా అదే మాట మీద ఉండాడు ఆ మహానుభావుడు.

అందుకే బిడ్డల్ని ఎత్తుకోని టీచరు కాడికి పోయినా అన్నా గదా. పరామర్శకు అని చెప్పినా గానీ అసలు దీనికే పోయినా. "ఆ పొద్దు మా నాయనకు ఏం చెప్పినారు టీచర్?" అన్నా. నా చిన్నదాని చేతిలో బెల్లంముక్క పెట్టి, "నీకు చెప్పిందే" అనింది.

"నాకేం చెప్పలా గదా?"

"అంతే మరి."

నేను నమ్మలా. ఇప్పటికీ నమ్మను. ఉత్తగా తల ఊపే మనిషి కాదు మా నాయన. అంతసేపు వినేదానికి ఏందో ఒకటి ఉండాల గదా? పోతా పోతా గొంగళి చెంగుతో కళ్ళు ఒత్తుకున్నాడు, నేను చూసినా. అది నా గురించే అయి ఉంటాది. ఆమె నా మొహం మీద ఎప్పుడూ అనని మాట, మా నాయనకు చెప్పి ఉంటాది. నేను వినాల్సిన మాటను ఆయన విని, దాచిపెట్టుకోని, తనతో తీసకపోయినాడు.

చూడు అబ్బయ్యా, నువ్వు చల్లగా బతకాల. నీ గురించి మంచిమాట చెప్పేవాళ్ళు నీ ముందరే చెప్పాల, నువ్వు వినేటట్టు, గట్టిగా... ఆయమ్మ ఏం చెప్పి ఉంటాదంటావు? నువ్వైతే ఏం చెప్పేవాడివి... నీకేం తెలస్తాదిలే...