పట్టుగూళ్ల గదిలో బల్బు

చలికాలపు ఉదయం, పట్టుగూళ్ల గదిలో నేల మీద వాలిపోయిన రెక్కల పురుగులను మేనకోడలు ఏరుతోంది. మేనమామ గుమ్మంలోనే ఆగిపోయాడు.

“అప్పుడే గూళ్లలోంచి బయటికొచ్చేశాయేమే? ఎండలు ముదిరాక కదా రావాలి?”

“మామయ్యా, రోజూ చీకటి పడ్డాక ఇక్కడ లైటు వేసుకుని ఏం చేశావు?”

“పేపరు చదువుకున్నానంతే. ఇంట్లో మీ అత్త చదవనిస్తే కదా!”

“నీ లైటుకి పగలు పెరిగిందనుకుని లేచాయి. ఈ చలికి జతకట్టలేవు. గుడ్లు పెట్టినా వట్టివే.”

“అయితే వచ్చే పంటకి విత్తనం పోయినట్టేనా? మిగతా గూళ్లయినా ఉడకేసి దారం తీసేద్దాం.”

“ఒక్కటి కూడా ముట్టుకోవద్దు. సగం పురుగులు ఇంకా గూళ్లలో నిద్రలోనే ఉన్నాయి. వాటిని నేను కాపాడతాను.”

ఆమె స్టూలెక్కి, బల్బు విప్పి కొంగున ముడేసుకుంది.

“మరి నా పేపరు?”

“వేసవి వచ్చేదాకా, పొద్దు గూకగానే వాటితోపాటు నువ్వూ పడుకో మామయ్యా.”