ఏడాదంత మాలేసుకున్న అన్వేష్

ఏంది, అన్వేష్ గురించా? దూలపల్లిల ప్లాట్లమ్మే జనార్ధన్ లేడూ, ఆయన కొడుకు. కూసో బిడ్డ, చెప్త. గప్పుడు రాష్ట్రం ఇంక రాలే. మేడ్చల్ల అయ్యప్ప మాలలేసే గురుస్వామిని నేనే, బాలమల్లు ఏస్తేనే మాల అనెటోళ్లు. పోరడు మస్తు తాగుతుండె, పండ్లు తోముకోకముందే సీసా. వాళ్లమ్మ ఏడ్సుకుంట నా తానకు పట్కొచ్చింది. మాలేసిన. అబ్బ, ఏం మారిండు! సన్నీళ్ల తానం, కటిక నేల మీద పండుడు, సుక్క ముట్టలే. మాలున్నోన్ని పేరు పెట్టి పిలువద్దు గద, స్వామి అనాలె. జనార్ధన్‌కేమో నోరు తెరిస్తే 'అరేయ్ దున్నపోతా' తప్ప ఇంకోటి రాదు. గసొంటోడు చేతులు గట్టుకొని 'స్వామీ, అల్పాహారం అయ్యిందా?' అని అడుగుడు. నేను నవ్వాపుకోలేక కండువ నోట్ల కుక్కుకున్న.

శబరిమల పోయొచ్చి మాల తీసిండో లేదో, మల్ల దున్నపోతే. జనార్ధన్ పిల్లను సూసుడు షురూ జేసిండు. లగ్గం జేస్తే మల్ల తాగుడు దిక్కు పోడంటడు. మన దిక్కు అన్నిటికి గదే మందు గద, పని చెయ్యకున్నా లగ్గమే, పిచ్చి లేసినా లగ్గమే. గా మాటినంగనే పోరడు సీసా పట్టిండు. తెల్లారి నా తానకొచ్చి శివమాల ఎయ్యమన్నడు. శివరాత్రి అయినంక హనుమాన్ మాల. దసరకు భవాని మాల. మాలున్నోని ముంగట లగ్గం ముచ్చట తియ్యరు, సుక్క ముట్టనియ్యరు, మాల వాన్ని రెండు దిక్కుల కాపాడుతుండె. ఊరోళ్లేమో ఏం భక్తి అని కాళ్లు మొక్కుడు. ఒక ముసలామె మనుమరాలికి పేరు పెట్టమని గూడ ఎత్తుకొచ్చింది. గని నడుమ ఏ మాల లేని ఎండకాలం ఉంటది గద. అదే లగ్గాల కాలం. గా నెలల్ల ఏడాది తాగుడంత తాగెటోడు.

ఒకసారి గట్లనే ఎండల వచ్చి కూసున్నడు. తాగి లేడు. ఎన్నడు తియ్యని మాల ఏ దేవునికన్న ఉందా అని అడిగిండు. ఎందుకురా అన్న. "నాకు మన్నాన్ గావాలె గురుస్వామీ. లగ్గం జేసుకొని ఆడపిల్ల గొంతు కొయ్యను" అన్నడు. మన్నానంటే శామీర్‌పేటల మేకల యాపారం షాహబాజ్ కొడుకు. సుక్క ముట్టడు, వీడు తాగినప్పుడల్ల బండి మీద ఇంట్ల దింపిపోయెటోడు. నేను ముసలోన్నే గని గుడ్డోన్ని కాదు, ముందే సమజైంది. మన్నాన్ పేరు తియ్యకుండ పొయ్యి జనార్ధన్‌కు జెప్పిన, లగ్గం మాట ఇడువు, తాగుడు వాడే ఇడుస్తడని. గుడిల గంట కొట్టుకో పో అన్నడు. లగ్గం పెట్టుకున్నడు.

గా లగ్గం దాక రానే రాలే. తాగి తాగి కార్జం ఖరాబై పోరడు పోయిండు. మన దాంట్ల పెండ్లిగాని మొగోడు పోతే జిల్లేడు కొమ్మతోని పెండ్లి జేసినంకనే పాడె లేపుతరు, ఎరికే గద. పీనుగకు బాసింగం గట్టిన్రు. అన్ని దేవుళ్లను అడ్డం పెట్టుకొని తప్పిచ్చుకున్నోన్ని ఆఖరికి పట్టుకొని జేసిన్రు బిడ్డ. నాకు జనార్ధన్ మీద మస్తు కోపమొచ్చింది. గా ఆగమాగంల జిల్లేడు కొమ్మకు ఎవల్ని పంపిండనుకున్నవ్? "దోస్తువు గద, జల్దీ తేపో" అని మన్నాన్‌నే. పోయి తెచ్చిండు. దుమ్ము లేకుండ ఆకులన్ని కడిగి తెచ్చిండు.

ఇగ లే. కరెంటొచ్చినట్టుంది, మోటర్ ఎయ్యి.