సూది మొన

నవంబరు శనివారం, మధ్యాహ్నం. కట్టెలు చీల్చే మిషను ముందు ముసలి రేనో మోకాళ్ళ మీద కూర్చున్నాడు. చలికి వేళ్ళు మొద్దుబారిన కూతురు ఐలీ పక్కన నిలబడి పానాలు అందిస్తోంది. అడవిలో దుప్పుల వేట ఎల్లుండి మొదలు.

"ఇది పదమూడు. నేనడిగింది పధ్నాలుగు."

"పదమూడే అన్నావు నాన్నా."

"అన్నానా?"

"అన్నావు."

"అనుంటాను. పధ్నాలుగు ఇయ్యి."

"ఇదిగో. నూనె గొట్టం ఇంకా కారుతోందా?"

"కారక? మీ తమ్ముడు బిగించాడు కదా. వాడు బిగిస్తే ముక్కు కూడా కారుతుంది."

"రేపొచ్చి చూస్తానన్నాడు."

"రేపా! రేపు అడవిలో మాటు గుడిసె కప్పుకి రేకు మార్చాలి. ఇవాళ ఆవిరిస్నానానికి కట్టెపుల్ల లేదు. రేపంటాడు!"

"బావి పంపులో నీళ్ళు కూడా దించాలి. గడ్డకడితే పగులుతుంది."

"పొద్దున్నే దించేశాను."

"దించలేదు నాన్నా."

"దించాను."

"సరే."

"సరే అనకు. నువ్వు సరే అన్నావంటే దించలేదనే."

"నేను చూసుకుంటాలే. ఇంట్లో మాంసం కూరిన పాస్టీలు వేడిగా ఉన్నాయి. తినేసి పని చూద్దాం, రా."

"ఇది అయ్యాకే. ఆకురాయి ఇలా ఇయ్యి, గొట్టం మూతికి గరుకు లేచింది."

"ఆకురాయి కనబడటం లేదు."

"ఆ మేకుకే ఉండాలి."

"లేదు."

"ఎప్పుడడిగినా కనబడటం లేదంటావు. కాళ్ళొచ్చి నడిచిపోయిందా?"

"గరుకు కాగితం ఇవ్వనా?"

"ఇత్తడికి గరుకు కాగితమా? నీకు పని నేర్పిన వాణ్ణి తన్నాలి."

"నేర్పింది నువ్వే."

"అందుకే అంటున్నా. ఇయ్యి."

"నాన్నా, ఈ ఏడు మాటుకి వెళ్ళకపోతే ఏం? నీ కాళ్ళు..."

"కాళ్ళతో కాలుస్తానా?"

"చలి."

"చలి లేకుండా వేటేంటే?"

"ఇంట్లో వెచ్చగా ఉంటావని."

"ఇంట్లో కూర్చుంటే పొద్దు ఎటు పోయిందో తెలీదు. అన్నం తిన్నానో లేదో నిన్నడగాలి. మాటులో అలా కాదు. ఏ చెట్టు వెనక ఏ చెట్టో తెలుసు. గాలి ఎటు తిరిగిందో తెలుసు. అక్కడొక్కచోటే నేను నేనే."

"పోయినేడు ఏమీ దొరకలేదు కదా."

"ఎందుకు దొరకలేదు? నిండు దుప్పి వచ్చింది. తుపాకీ పేలలేదు."

"ఎప్పుడు?"

"మొదటి రోజే. ఎవరికీ చెప్పలేదు. చెబితే ముసలాడికి మతి పోయిందంటారు. మంచు పడుతోంది. వాగు పక్క చెట్లలోంచి వచ్చింది, గోధుమరంగుది. నొక్కాను. టిక్కుమంది. అంతే."

"తూటా చెమ్మగిల్లిందేమో."

"నా తూటాలు చెమ్మగిల్లవు. మొన్న విప్పి చూశాను. తూటాని కొట్టే సూదికి మొన లేదు."

"పాత తుపాకీ. అరిగి ఉంటుంది."

"అరిగితే గుండ్రంగా అరుగుతుంది. ఇది తిన్నగా ఉంది, నున్నగా ఉంది. ఎవరో అరగదీశారు."

"నేను పంపు చూసొస్తా."

"ఆగు. పంపు ఎక్కడికీ పోదు. ఆ మేకుకి ఆకురాయి ఎందుకు లేదు ఐలీ?"

"అది... దాన్ని..."

"నువ్వా, వాడా?"

"ఇద్దరం. వాడు విప్పాడు. నేను అరగదీశాను."

"ఎప్పుడు?"

"పోయినేడే, వేట ముందు. నువ్వు పక్కింటివాళ్ళ ఆవు మీదకి తుపాకీ ఎత్తాక."

"కాల్చలేదుగా."

"దాని మెళ్ళో గంట మోగుతూనే ఉంది నాన్నా."

"దించాను కదా."

"నేను అరిచాక దించావు."

"చంటివాడికి చెక్కగుర్రం ఇచ్చినట్టు ఇచ్చి కూర్చోబెట్టారన్నమాట."

"తుపాకీ దాచేస్తే నువ్వు మాటుకి వెళ్ళవు. వెళ్ళకపోతే ఏమైపోతావో అని."

"బాగుంది. కొత్త సూది తెప్పించాను. ఇదిగో, జేబులోనే ఉంది. సాయంత్రం బిగిస్తాను."

"ఇలా ఇయ్యి."

"ఇవ్వను."

"నాన్నా."

"ఇవ్వనన్నాను. ఆ దుప్పి మళ్ళీ అటే వస్తుంది. ఈసారి పోనివ్వను."

"దాని కొమ్ములకి కొనలెన్ని?"

"ఏంటి?"

"కొమ్ముల కొనలు లెక్కపెట్టకుండా తుపాకీ మీట మీద వేలు పెట్టొద్దని మాకు నేర్పావు. ఎన్ని?"

"మంచు పడుతోందని చెప్పానుగా."

"ఎన్ని నాన్నా?"

"కనబళ్ళేదు."

"టిక్కుమన్నాక పారిపోయిందా?"

"లేదు. అదే వింత. నాకేసి చూస్తూ నిలబడిపోయింది. ఏ దుప్పీ అలా నిలబడదు. కళ్ళద్దాలు తుడుచుకుని చూస్తే లేదు."

"తర్వాత?"

"తర్వాతేముంది, నువ్వొచ్చావు. కాఫీ తెచ్చావు."

"ఏ కోటు వేసుకొచ్చాను?"

"నాకేం గుర్తు?"

"అమ్మది. గోధుమరంగుది."

"వేట రోజుల్లో మనిషని తెలిసేలా నారింజ టోపీ లేకుండా అడవిలో అడుగు పెట్టొద్దని చెప్పానా లేదా?"

"చెప్పావు. టోపీ వంటింట్లో ఉండిపోయింది. దగ్గరే కదా, మా నాన్నే కదా అనుకున్నాను."

"ఆ చెట్ల దగ్గర..."

"నేనే. ఆ టిక్కు నేనూ విన్నాను."

"భయపడ్డావా?"

"లేదు. ఏమీ అనిపించలేదు. ఫ్లాస్కు మూత సరిగ్గా బిగిసిందా అని చూసుకున్నాను. ఇప్పటికీ ఏమీ అనిపించదు. మూతే గుర్తొస్తుంది."

"కాఫీ చల్లారిందని తిట్టాను."

"తిట్టావు."

"నువ్వేం అనలేదు."

"ఏమనాలి?"

"ఏడాదిగా అన్నం పెడుతున్నావు."

"పెట్టక? సరే, నేను పంపు చూసొస్తా. పొద్దు వాలుతోంది."

"దించలేదు."

"ఏంటి?"

"పంపులో నీళ్ళు. నేను దించలేదు."

"తెలుసు నాన్నా."

"ఐలీ."

"ఊఁ."

"ఆకురాయి నీ దగ్గరే ఉందా?"

"నా అల్మారాలో ఉంది."

"వచ్చేటప్పుడు పట్రా. ఈ కొత్త సూది కాస్త పొడుగ్గా ఉంది."