బొంగురు గొంతుకి ఆమెన్ అనకండి

సభాధ్యక్షులు బిషప్ హోలిస్ గారికి, ముందు వరసలో కూర్చున్న పెద్దలకు, పాటల బృందానికి, చేపల వేపుడు చల్లారిపోతోందని వంటగది తలుపులోంచి నాకు సైగలు చేస్తున్న సిస్టర్ ఆర్నెట్టాకు నమస్కారం. (నవ్వులు) చేసుకో తల్లీ, ఇవాళ నేను తొందరగా దిగను. ఈ చర్చిలో ఇన్నేళ్లు అమ్మగారూ అని పిలిపించుకున్నా, మైకు ముందుకు రావడం ఇదే మొదటిసారి. ఇవాళ రిటైరవుతున్న మా ఆయన, రెవరెండ్ థాడియస్ పెట్‌వే గారు, మునుపటిలా మాట్లాడగలిగితే నేను హాయిగా కూర్చునేదాన్ని. స్వరపేటిక తీసేశాక ఆ మాట పలికించే మిషన్ గొంతుకి ఆనించుకుని నలుగురిలో మాట్లాడాలంటే ఆయనకి మొహమాటం.

శాలువా కప్పారు, సంతోషం. కానీ ఒక మాట చెప్పేస్తాను. ఆయన గొంతు మొదట జీరబోయిన ఆదివారం మనమేం చేశాం? "ఆత్మ దిగొచ్చింది అయ్యగారూ, ఇంకా, ఇంకా!" అని లేచి నిలబడ్డాం. డీకన్ రూఫస్, తల దించుకోకయ్యా, నీతో పాటు నేనూ అరిచాను. మెంఫిస్‌లో మనకి పాస్టరు గొంతు ఎంత బొంగురుపోతే అంత ఇష్టం.

డాక్టరు దగ్గరికి వెళ్తే కుర్చీలోంచి లేవకుండానే, "మీ పాస్టర్లు అరుస్తారు కదా, తేనె కలిపిన వేడినీళ్లు తాగండి" అన్నాడు. మళ్లీ వెళ్తే గ్యాస్ మాత్రలు రాశాడు. ఆ తర్వాత సిగరెట్లు మానమన్నాడు, ఈయన జన్మలో సిగరెట్ ముట్టలేదు! చివరికి పెద్దాసుపత్రికి పంపేసరికి క్యాన్సర్ ముదిరిపోయింది.

ఆ వేసవిలోనే డేల్ గొంతూ పోయింది; చర్చి జీతం చాలక ఈయన సిటీ బస్సు నడిపేటప్పుడు తోటి డ్రైవరు. డేల్ తెల్లవాడు, అదిగో మూడో వరసలో ఉన్నాడు, మా ఇంటి మనిషే. అతని డాక్టరు ఆ వారమే ముక్కులోంచి కెమెరా గొట్టం దించే చోటికి పంపాడు. చిన్న గడ్డ, కరెంటు పెట్టి పోగొట్టారు. ఇవాళ్టికీ ఆటకి వెళ్తే అంపైర్‌ని నోరారా తిడతాడు. (నవ్వులు) నిన్నేమీ అనడం లేదు డేల్, నువ్వు బతికినందుకు దేవుడికి స్తోత్రం. కానీ జబ్బు ఒకటే, ఊరు ఒకటే, ఇన్సూరెన్సూ ఒకటే! మా ఆయనకి గొంతు పోయి ప్రాణం మిగిలింది. మన పాటల బృందంలో బ్రదర్ ఓటిస్ కుర్చీ ఖాళీగా ఉంది చూడండి, అదే జబ్బు, ఆయనకి ప్రాణమూ మిగల్లేదు. మన నల్లవాళ్లే ఎందుకు ముందు పోవాలి?



ఇందాక కొత్త పాస్టరు కార్నెల్ ప్రార్థన చేశాడు. ఆ గొంతు విన్నారా? మీరంతా ఆమెన్ అన్నారు, నేను అనలేదు. పక్కకి పిలిచి అడిగితే, "జలుబు అమ్మగారూ, నెల నుంచీ" అన్నాడు. నెల రోజుల జలుబేమిటయ్యా? ఏమీ కాకపోవచ్చు, కాకూడదనే నా ప్రార్థన. కానీ అతను గొంతు చూపించుకుని వచ్చేదాకా ఈ చర్చిలో ఎవరైనా ఆమెన్ అన్నారో, ఊరుకోను.

ఉండండి, మా ఆయన లేస్తున్నారు.

(పాస్టర్ పెట్‌వే కార్నెల్ వైపు తిరిగి, మిషన్ గొంతుకి ఆనించి: "వెళ్లు... బాబూ.")

విన్నారుగా. వచ్చినవాళ్లకీ, వండినవాళ్లకీ పేరుపేరునా కృతజ్ఞతలు, సెలవు. నీకు మాత్రం సెలవు లేదు కార్నెల్. పొద్దున్నే మీ ఇంటి ముందు హారన్ కొడతాను. ఆ డాక్టరు గొట్టం దించి చూసేదాకా నీ పక్క కుర్చీలోంచి నేను లేవను.