బుసలో పడ్డ చిల్లులు

పొద్దున ఏడుంపావుకి మా మేనత్త ప్లాస్కులోంచి టీ వంచుకుంటోంది... ఆ పాత సెట్టు నాబు అలా గిరగిరా తిప్పకే అమ్మడూ, ఊడొస్తుంది. అది దేనికంటావా? అదేగా చెప్పబోతున్నా. మేనత్తని నువ్వు చూళ్లేదులే, నువ్వు పుట్టకముందే పోయింది. కరెంటాఫీసు కంట్రోల్ రూములో వైర్‌లెస్ సెట్టు ముందు కూర్చునేది. ఆవిడ తమ్ముడు, అంటే మా నాన్న, అక్కడే లైన్‌మాన్. వాళ్ల జీపులో ఇంకో సెట్టు. మైకు మీద బొత్తాం నొక్కి మాట్లాడాలి, ఒకరు మాట్లాడుతుంటే రెండోవాళ్లు నోరు మూసుకోవాలి. అది మా ఇంట్లో ఎవరికీ చేతకాలేదనుకో, ఆ సంగతి వేరు. ఏం చెప్తున్నా? ఆఁ, నాబు. ఏరియల్‌కి మంచీ చెడ్డా తెలీదు, గాల్లో ఉన్న చెత్తంతా పట్టుకొస్తుంది. ఎవరూ మాట్లాడనప్పుడు సెట్టు బుస్సుమంటూనే ఉంటుంది. ఈ నాబు గేటు దగ్గర కాపలావాడనుకో. బిగిస్తే బలంగా వచ్చినవాణ్ణే లోపలికి వదుల్తాడు, బుస ఆగిపోతుంది. మరీ బిగిస్తే నీరసంగా వచ్చిన మనవాణ్ణి కూడా గెంటేస్తాడు. అందుకని ఆవిడ దాన్ని వదులుగానే ఉంచేది. రోజంతా బుసే! పక్కగది గుమాస్తా తొంగిచూసి, "అక్కయ్యగారూ, ఆ పాముని బుట్టలో పెట్టండి" అనేవాడు. "మీ గురక కంటే నయమే" అనేది.

ముందురోజు గాలివానకి గుట్టమీద లైను తెగింది. నాన్నా, ఆయనతో పనిచేసే బక్కాయనా వెళ్లారు. ఇందాక టీ అన్నానే, అప్పుడే నాన్న గొంతు: "అయిపోయింది, దిగిపోయాం, లైనుకి కరెంటు ఇచ్చెయ్యొచ్చు." ఇంజనీరుగారు స్విచ్చు దగ్గరికెళ్లాడు. ఓ చేతిలో ఫోను, అవతల కరెంటు కోసం ఆస్పత్రివాళ్ల గోల. "ఏం వినపడ్డంలేదమ్మా, కాసేపు ఆ నాబు బిగించండి" అన్నాడు. మేనత్త చెయ్యి వేసింది, తిప్పలేదు. బుస తెగింది. మళ్లీ వచ్చింది. మళ్లీ తెగింది. "సార్, ఆగండి." "ఎవరూ మాట్లాడ్డంలేదుగా?" "మాట్లాడ్డంలేదు, కానీ ఎవరో నొక్కుతున్నారు." చూశావా, అవతల బొత్తాం నొక్కితే చాలు, మాటున్నా లేకపోయినా ఇక్కడ బుస అణిగిపోతుంది. నాబు బిగించి ఉంటే అంతకుముందూ నిశ్శబ్దమే, ఆ తర్వాతా నిశ్శబ్దమే, ఇంకేం తెలుస్తుంది? ఇంజనీరు కూడా ఫోను పక్కన పెట్టేసి సెట్టు మీదికి వంగాడట. "తమ్ముడూ, వినపడుతుంటే రెండుసార్లు నొక్కు." బుసలో రెండు చిల్లులు. "మళ్లీ స్తంభం ఎక్కారా? ఎక్కితే రెండు, లేకపోతే ఒకటి." ఒక చిల్లు పడింది. ఇద్దరూ ఊపిరి బిగబట్టారు. రెండోదీ పడింది. ఇంజనీరు స్విచ్చు దగ్గర్నించి దూరంగా జరిగి, చేతులు రెండూ జేబుల్లో పెట్టేసుకున్నాడు. "పాపం, బక్కాయన్ని మెల్లిగా దిగమనరా, తొందరేం లేదు. దిగాక మూడు నొక్కు" అని మేనత్త చల్లారిన టీ తాగింది. మూడూ వచ్చాయి, లైను ఇచ్చారు.

ఆ వారంలోనే బక్కాయన మైకు పట్టుకుని కుంటుకుంటూ వచ్చాడు. లోపల తీగ తెగిందట. "స్తంభం మీద తీగని పట్టుకునే పింగాణీ కప్పు ఇంకోటి పగిలుంది, మళ్లీ ఎక్కామని గొంతు చించుకున్నా అక్కా, ఒక్క ముక్కా రాలేదా?" అన్నాడు. "నువ్వు చించుకోవడమేంటయ్యా? నువ్వు పైనున్నావుగా?" "నేనెక్కడక్కా, మోకాలు వాచి జీపులోనే కూర్చున్నా. పైనున్నది మీ తమ్ముడు."