గుర్రం ఎనక నడిచినోళ్లు

"అవ్వా, గుర్రం ఎనక నడిచి దానికి నడక నేర్పినవంట, నిజమా?" అని అడిగిన. నాలుగేండ్లుగా అవ్వ ఇంట్లోనే కిరాయికి ఉంటున్నా, ఈ సంగతి ఎవరో చెప్తే తెలిసింది. ఆమె చెప్పింది చెప్పినట్టే రాస్తున్నా.

ఆఁ, నిజమే బిడ్డా. ముందుగాల నేను గాదు, మా ఆయన. సినిమా బగ్గీలకు గుర్రాలను తయారు జేస్తుండె. ఎనభైలల్ల... నువ్వింకా పుట్టలే. ఫిల్మ్‌నగర్ల ఏముండె? బండలు, సీతాఫలం చెట్లు. ఊకెనే ఇస్తమన్నా మా అన్న జాగ తీసుకోలే, గాడ నక్కలుంటయని. ఇప్పుడు సూడు. ఏం చెప్తున్న? ఆఁ, గుర్రం.

బగ్గీకి కట్టకముందు ఉత్తగ నడిపియ్యాలె. కళ్లేనికి రెండు పొడుగు పగ్గాలు కట్టి మనం ఎనక నడవాలె. సక్కగ ఎనకున్నది దానికి కనవడదు సూడు, అందుకని మాట్లాడుకుంట నడవాలె. మనిషి యాడుంటే దాని చెవులు ఆడికి తిరుగుతయి.

గోధుమరంగు పడుచు గుర్రం అది. సగం నేర్పినంక మా ఆయనకు జరమొచ్చింది, తొమ్మిది దినాలల్ల పోయిండు. గుర్రాలు, మేముండే అర్ర అన్నీ సేట్‌వే. సేట్ అన్నడు, "నెల రోజులకు షూటింగుంది, బగ్గీల చిన్నపిల్ల కూసుంటది. గుర్రం తయారైతే ఉండు, లేకుంటే అర్ర ఖాళీ చెయ్యి" అని. యాడికి పోను? కడుపుల మా పెద్దోడుండె.

నేనేం జేసిన్నంటే... తప్పేలే. ఆయన అంగీ చీర మీద తొడుక్కున్న. ఆయన చెప్పులేసుకున్న. నా గొంతు గుర్తువడ్తదని మాట్లాడలే, ఆయన లెక్కనే నాలుకతోని టక్ టక్ అన్న. ఆయనే అనుకోవాలె అది. అనుకుంది. మంచిగ నడిచింది.

మూడో దినం... కాదు, నాలుగో దినం, నేను అనకముందే తిరగవట్టింది. గుంజకముందే ఆగవట్టింది. చెవులు సూస్తే నా దిక్కు లేవు. జర ఎడమకు, నా పక్కకు తిరిగున్నయి. గాడ ఎవరు లేరు. పొద్దుగాల ఎండ గొడుతుంది, నాదొక్కదాని నీడనే. పగ్గాలు ఇడిసిపెట్టిన. అది ఆగలే. బండ సుట్టు తిరిగి, ఆయన బీడీ ముట్టిచ్చే కాడ నిలవడ్డది. బీడీకి ఎంత సేపు పడ్తదో గంత సేపు నిలవడి, మళ్ల కదిలింది.

భయమా? నవ్వుతవేమో, సంబురమైంది. వారం దినాలు ఆయన పక్కన నడిచిన.

గని సేట్ వచ్చి సూసి "శభాష్, తయారైంది" అనంగనే నాకు అసలు సంగతి యాదికొచ్చింది. బగ్గీల పసిపిల్ల కూసుంటది. పగ్గాలు నా చేతులల్ల, గుర్రం నా మాట ఇంటలేదు. నాకొక్కదానికే తెలుసు.

అంగీ ఇప్పిన. మా ఆడోళ్లం మొగని పేరు తీస్తమా? తియ్యం. తీసిన. పేరు వెట్టి పిలిచి, "ఇగ పో, నేను నడిపిస్త" అన్న.

గుర్రం వణికింది. చెవులు నా దిక్కు తిరిగినయి. ఆ దినంసంది నా గొంతుతోని మళ్ల మొదటికెంచి నేర్పిన. షూటింగయ్యింది. పిల్ల నవ్వుకుంట దిగింది. అర్ర దక్కింది.

ఆయననా... పొమ్మన్నంక ఉంటడా? కలలకు గూడ రాలే, ఇన్నేండ్లాయె. ఏం పేరా? అడుగకు బిడ్డా, రెండోసారి ఎట్ల తీస్త... నువ్వు సల్లగుండు. నీ పక్కన నడిచే మనిషితోని... ఆఁ, సల్లగుండు.